పై మేకు మీది ఎర్ర లక్క

నర్సీపట్నంలో నన్ను ఫిజియోథెరపిస్టు అని పిలిచినవాళ్లు తక్కువ. కొందరికి నర్సమ్మను, కొందరికి కరెంటు పెట్టే మేడాన్ని, చాలామందికి ఎక్సర్‌సైజులమ్మను. మొదట్లో ఆ పేరు వింటే ఉడుక్కునేదాన్ని. తర్వాత్తర్వాత ఆలోచిస్తే, మా చదువంతా కలిపి ఒక్క మాటలో చెప్పమంటే నాకూ అంతకంటే మంచి మాట తోచలేదు.

పని మానేసి ఇంట్లో కూర్చున్నాక, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి పలకరిస్తున్నారు. పుస్తకాల్లో ఉన్నది వాళ్లకు నాకంటే బాగా వచ్చు. కండరాల పేర్లు గడగడా అప్పచెబుతారు. అందుకని పుస్తకంలో లేనిది రాద్దామనిపించింది. అన్ని కీళ్ల సంగతీ రాసే ఓపిక నాకు లేదు, భుజం గురించి మాత్రం రాస్తాను. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ ఏడిపించింది అదే, ఎక్కువ నేర్పిందీ అదే.

సాసరూ, జాకెట్టూ

తుంటి కీలు గట్టిది. లోతైన గిన్నెలో కూర్చున్న బంతిలా ఉంటుంది, ఒక పట్టాన ఊడిరాదు. భుజానికి ఆ భాగ్యం లేదు. అక్కడ ఉన్నది గిన్నె కాదు, సాసరు. సాసరు మీద పెట్టిన బత్తాయిని చుట్టూ ఉన్న కండరాలు, ఒక పల్చటి సంచీ కలిసి పడిపోకుండా పట్టుకుంటాయి. అందుకే చేయి అన్ని వైపులా తిరుగుతుంది. అందుకే ఒక్కసారి గట్టిగా పడితే చాలు, ఊడి చేతికొస్తుంది.

ఆ సంచీ గురించి ఆడవాళ్లకు చెప్పడం నాకు తేలిక. జాకెట్టు చంక దగ్గర టైలరు గుడ్డ తక్కువ పెడితే, చేయి పైకెత్తగానే జాకెట్టంతా పైకి లేచిపోతుంది కదా. భుజం సంచీకి కూడా చంక కింద కాస్త వదులుగా మడత ఉంటుంది. చేతిని నెలల తరబడి ఒంటికి ఆనించి ఉంచేస్తే ఆ మడత అలాగే అతుక్కుపోతుంది. అప్పుడు చేయి ఎత్తమంటే భుజమంతా చెవి దాకా లేస్తుంది కానీ చేయి రాదు. మగవాళ్లకు ఇదే సంగతి చొక్కాతో చెప్పి చూశాను, అంతగా ఎక్కలేదు. చొక్కా ఎక్కడ బిగుసుకుందో వాళ్లకు భార్యలు చెప్పాలి.

పెద్ద డాక్టరు గారు

నేను పనిచేసింది ఒక ఎముకల డాక్టరు గారి ఆసుపత్రిలో. ఆయన్ని అందరం పెద్ద డాక్టరు గారనేవాళ్లం. చేతి పనితనం గొప్పది, నోటి పనితనం అంత గొప్పది కాదు. ఊడిన భుజాన్ని ఆయన సాసరు మీదికి చేర్చే తీరు చూస్తే ముచ్చటేసేది. రోగి కేక పెట్టేలోపు పని అయిపోయేది.

నేను చేరిన కొత్తలో రోగులు అడిగిందల్లా చేసేదాన్ని. వాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే, కరెంటు పెట్టమని. మెషీన్ కింద చేయి పెట్టి, కాసేపు వెచ్చగా పడుకుని, వైద్యం జరిగిందన్న తృప్తితో వెళ్లిపోయేవాళ్లు. ఒకరోజు పెద్ద డాక్టరు గారు లోపలికొచ్చి, అందరి ముందూ మెషీన్ ప్లగ్గు పీకేశారు.

"ఈయన ఇంటికెళ్లి చేయి ఎత్తాలంటే ఈ మెషీన్ని నెత్తిన పెట్టుకుని వెళ్లాలా?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ మాట నా ఉద్యోగానికి పునాది. వేడి పెట్టండి, కరెంటూ పెట్టండి, తప్పులేదు. అది తలుపు తట్టడం వరకే. లోపలికి వెళ్లాల్సింది రోగి, తన చేత్తో తాను.

అలాగని ఆయన చేసినవన్నీ ఒప్పులని చెప్పను. భుజం కట్టిన ప్రతివాళ్లకీ 'విశ్రాంతి' అని రాసి పంపేవారు. ఎన్నాళ్లో, దేనికో, తర్వాత ఏం చెయ్యాలో చెప్పడానికి ఆయనకు తీరిక ఉండేది కాదు. కొత్త గాయానికి విశ్రాంతి కావాలి, అందులో అనుమానం లేదు. ఊడి కుదురుకున్న భుజాన్ని ఆ మొదటి వారాల్లో ఎవరైనా నూనె రాసి లాగితే మళ్లీ ఊడుతుంది, లేదా లోపల తెగుతుంది. కానీ మా వైపు విశ్రాంతి అనే మాట ఒకసారి ఇంట్లోకి వెళ్లిందంటే మళ్లీ బయటికి రాదు.

ఎస్. రాయవరం నుంచి ఒక చెరకు రైతు వచ్చాడు. బండి మీంచి పడి భుజం దెబ్బతింది. ఎముక అతుక్కుని చాలాకాలమైంది. అయినా వాళ్లమ్మ అన్నం కలిపి నోట్లో పెడుతోంది. వంకాయ మానిపించారు, గోంగూర మానిపించారు, చివరికి చేతిని వాడటమే మానిపించారు. నేను ఆవిడను టిఫిను తినిరమ్మని హోటలుకు పంపి, కొడుకు ముందు ఇడ్లీ ప్లేటు పెట్టాను. చెమటలు కక్కుతూ, నన్ను తిట్టుకుంటూ, తన చేత్తోనే తిన్నాడు. తిరిగొచ్చిన తల్లి ఖాళీ ప్లేటు చూసి సంతోషిస్తుందనుకున్నాను.

"అయితే ఇంక నాను పెట్టక్కర్నేదేటి?" అని ముఖం చిన్నబుచ్చుకుంది.

ఆ సంగతి పెద్ద డాక్టరు గారికి చెప్పి, విశ్రాంతి అని రాస్తే దాని పక్కన తేదీ కూడా వెయ్యమన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎముక సంగతి నేను చూస్తాను. చేయి సంగతి నువ్వు చూడు" అన్నారు. అది ఒప్పుకోవడమో కసురుకోవడమో నాకు అప్పుడు తెలియలేదు. తేదీ మాత్రం వెయ్యడం మొదలుపెట్టారు.

నూకరత్నం

ఇన్ని భుజాల్లో నాకు బాగా గుర్తున్నది నూకరత్నం భుజం. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే మనిషి. అంకుడు కర్రని లేతు మెషీన్ మీద తిప్పుతూ ఉలితో చెక్కి, అది తిరుగుతుండగానే లక్క కడ్డీ అదిమి రంగు పట్టిస్తారు. ఆ లేతు వాళ్ల నాన్న పెట్టింది, పనీ ఆయనే నేర్పాడు. భర్త అప్పారావు కర్ర కోసి ఇవ్వడం, లక్క పట్టిన బొమ్మకు మొగలాకుతో మెరుగు పెట్టడం చూసుకుంటాడు. లేతు ముందున్న పీట మాత్రం నూకరత్నానిదే.

బొమ్మల సంచీతో మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వస్తుండగా బండి జారి పడింది. కుడి భుజం ఊడింది. పెద్ద డాక్టరు గారు దాన్ని తిరిగి ఎక్కించి, చేతిని మెడకు కట్టే స్లింగు వేసి, తేదీ కూడా వేసి పంపారు. ఆ తేదీకి సరిగ్గా స్లింగు విప్పేసి నేరుగా వెళ్లి లేతు ముందు కూర్చుంది. నా దగ్గరికి రమ్మని రాసిన చీటీ ఇంట్లోనే ఉండిపోయింది.

కొన్ని నెలలకి వచ్చింది. చేయి భుజం ఎత్తు వరకు కూడా లేవడం లేదు. ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతోంది. ఉలి పట్టు తప్పి బొమ్మలు పాడవుతున్నాయి. తలకు వేసిన జడ చూస్తే నాకు నవ్వాగలేదు.

"మా మావే ఏత్తన్నాడమ్మా. సూడండి, ఎద్దుకి పలుపు పేనినట్టు పేనీసినాడు" అంది. వెనక నిలబడ్డ అప్పారావు కిటికీలోంచి బయటికి చూశాడు.

"స్లింగు తీశాక ఎక్సర్‌సైజులకు ఎందుకు రాలేదు?"

"పొద్దున్న లేతు కాడ కూసుంటే సందేళ దాకా ఈ సెయ్యి ఆడతానే ఉంటాది. ఇంక మళ్లీ ఎక్సర్‌సైజు ఏటమ్మా?"

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. రోజంతా చేత్తో పని చేసే మనిషికి భుజం బిగుసుకుపోవడమేమిటి? పెద్ద డాక్టరు గారు స్కానింగు తీయించి, లోపల ఏమీ తెగలేదు, సంచీ బిగుసుకుపోయింది, అంతే అన్నారు. వ్యాయామంతో తెరుచుకోకపోతే విశాఖపట్నం పంపి, మత్తు ఇప్పించి చేయి ఎత్తించాలన్నారు. ఈలోగా లేతు పని మానేసి, కూర్చుని బొమ్మలు సర్దే పని చూసుకోమన్నారు.

అప్పుడు మొదటిసారి నూకరత్నం ముఖంలో రంగు మారింది. "మా మరిది ఎప్పుడెప్పుడా అని సూత్తన్నాడండీ ఆ పీట కోసం. ఆడు సెడ్డోడు కాదు. పనొచ్చు. కానీ నాను ఒక్కసారి లేసి సోటిచ్చీసినానంటే మరి ఆ పీట నాది కాదు."

మీరు పుస్తకంలో కోణాలు కొలవడం నేర్చుకుంటారు. కొలవండి. కానీ రోగి దేన్ని పోగొట్టుకుంటానని భయపడుతున్నాడో అది ముందు కనుక్కోండి. నూకరత్నానికి చేయి ఎత్తడం ముఖ్యం కాదు. ఆ పీట ముఖ్యం. నేను పెద్ద డాక్టరు గారిని గడువు అడిగాను. లేతు మానిపించకుండానే చేయి తెరిపిస్తానన్నాను.

"ఎలా?" అన్నారు.

"చూసొచ్చి చెప్తాను."

ఏటికొప్పాకలో ఒక పూట

ఆ ఆదివారం బస్సెక్కి వెళ్లాను. రోగి పని చేసే చోటికి వెళ్లడం మా ఉద్యోగంలో ఎవరూ రాయని భాగం. మీరు మాత్రం వెళ్లండి. నేను మా గదిలో ఎంతసేపు అడిగినా తెలియనిది అక్కడ గుమ్మంలో నిలబడగానే తెలిసింది.

నూకరత్నం ఉలి పట్టుకుని లేతు ముందు కూర్చుంది. మణికట్టు కదులుతోంది, ముంజేయి కదులుతోంది, నడుము కూడా ఊగుతోంది. రెండు మోచేతులు మాత్రం డొక్కలకు అతుక్కుని ఉన్నాయి. కర్ర మొదలు నుంచి చివర దాకా ఉలి వెళ్లినా ఆ మోచెయ్యి పక్కటెముకను వదల్లేదు.

"మోచెయ్యి ఎప్పుడూ అలాగే పెడతావా?"

"అలాగే పెట్టాలి కదమ్మా. మా నాన్న సిన్నప్పుడు సంకలో గుడ్డ పెట్టీవోడు, అది కింద పడితే మొట్టీవోడు. మోచెయ్యి ఒంటికి ఆనకపోతే ఉలి తన్నెస్తాది."

"నొప్పి ఎక్కువైతే?"

"ఇంకా గట్టిగా ఆనించుకుంటాను."

స్లింగు విప్పినా ఆమె స్లింగులోనే ఉంది. రోజంతా చేయి ఆడుతూనే ఉంది, భుజం మాత్రం పొద్దున్న ఎక్కడుందో సాయంత్రానికీ అక్కడే ఉంది. పని ఎంత బాగా చేస్తే భుజం అంతగా బిగుసుకుంటోంది. పని సరిగా రాని మనిషైతే మోచెయ్యి అటూ ఇటూ పోయి, పాడు బొమ్మలతో పాటు కాస్త భుజం కూడా తెరుచుకునేదేమో. ఇది మంచి పనివాళ్లకు మాత్రమే వచ్చే కష్టం, నాకు నిజంగా జాలేసింది.

ఉలి పట్టే తీరు మార్చుకోమనే హక్కు నాకు లేదు. మరి ఏం మార్చాలి? చుట్టూ చూశాను. లక్క కడ్డీలు రంగురంగులవి ఒళ్లో పళ్లెంలో ఉన్నాయి. చెయ్యి చాపకుండానే అందుతున్నాయి. లేతు పక్కన ఖాళీ గోడ ఉంది.

"అప్పారావూ, సుత్తి ఉందా?" అన్నాను.

మేకులు

ఒక్కో రంగు లక్కను ఒక్కో గుడ్డ సంచీలో వేయించి, గోడకు కొట్టించిన మేకులకు తగిలించాను. మొదట అన్నీ రొమ్ము ఎత్తులోనే. రంగు మార్చాలంటే మోటారు ఆపాలి, లేచి నిలబడాలి, గోడకు ఎదురుగా వేళ్లు పాకిస్తూ పైకి వెళ్లి కడ్డీ తీసుకోవాలి. భుజం చెవి దాకా లేవకూడదు, పక్కకు ఒరగకూడదు. ఒక ఎత్తు అలవాటైతే మేకు బెత్తెడు పైకి పోతుంది. ఎక్కువ వాడే రంగు ఎరుపు, అందుకని అన్నిటికంటే ముందు పైకి పోయేది అదే. ఇవి కాక పొద్దున్నే వేడినీళ్ల కాపడం, పడుకుని ఎడం చేత్తో కర్ర ఊతంగా కుడిచేతిని ఎత్తడం ఎలాగూ ఉన్నాయి.

"ఉలి పట్టినప్పుడు మీ నాన్న మాట విను. లక్క తీసేటప్పుడు నా మాట విను" అన్నాను.

నొప్పి గురించి కూడా చెప్పాను, మీకూ చెబుతున్నాను. నొప్పి లేకుండా బిగుసుకున్న భుజం తెరుచుకుంటుందని రోగికి అబద్ధం చెప్పకండి. బట్ట సాగుతున్నట్టు లాగి, ఆపగానే కాసేపట్లో సర్దుకునే నొప్పి మన పనికి గుర్తు. కత్తి గుచ్చినట్టు పొడిచినా, మర్నాటి దాకా నిలిచిపోయినా మనం తొందరపడ్డామని అర్థం. ఈ తేడా తెలిసిన రోగి భయపడడు. తెలియనివాడు రెండింటికీ చేయి ముడుచుకుంటాడు.

"నయమైనట్టు నాకెలాగ తెలుస్తాదమ్మా?" అని అడిగింది నూకరత్నం.

"నీకు తెలియదు. నాకు తెలుస్తుంది."

"ఇదేటో సిత్రంగా ఉంది" అంది అప్పారావుతో.

అప్పారావు సాయం

మొదట్లో బాగానే జరిగింది. మేకులు రొమ్ము నుంచి గడ్డం దాకా, గడ్డం నుంచి కళ్ల దాకా వెళ్లాయి. అక్కడ ఆగిపోయాయి. వచ్చినప్పుడల్లా కొలుస్తున్నాను, అదే కొలత. పెద్ద డాక్టరు గారు నా గడువు గుర్తు చేశారు. "ఇంక విశాఖ పంపుదాం. చేయగలిగింది చేశావు" అన్నారు. ఆయన మంచిగా మాట్లాడితే నాకు భయం.

ఎక్సర్‌సైజులు చేస్తున్నావా అంటే చేస్తున్నానంటుంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. అయినా భుజం చెప్పేది వేరుగా ఉంది. మనిషి మాటకీ కీలు మాటకీ పడనప్పుడు కీలునే నమ్మండి. చెప్పకుండా ఏటికొప్పాక వెళ్లాను.

గుమ్మంలోకి వచ్చేసరికి నూకరత్నం మోటారు ఆపింది. లేవలేదు. తల కూడా తిప్పకుండా కుడి చెయ్యి పక్కకి చాపింది. "మావా, ఎరుపు" అంది. మొగలాకుతో మెరుగు పెడుతున్న అప్పారావు అప్పటికే లేచాడు, మేకు మీది సంచీలోంచి కడ్డీ తీశాడు, ఆమె చేతిలో పెట్టాడు, మళ్లీ కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరూ దాన్ని పెద్ద విషయంగా అనుకోలేదు. నేను గొంతు సవరించుకున్నాక మాత్రం ఇద్దరూ దొంగల్లా నిలబడ్డారు.

నాకు కోపం వచ్చింది. కేకలేశాను. ఇన్నాళ్ల శ్రమ గోడకు తగిలించి ఊరుకున్నారన్నాను. విశాఖపట్నం వెళ్లే బస్సెక్కించేస్తానన్నాను. నూకరత్నం తల దించుకుంది. అప్పారావు మాత్రం ఎదురుచెప్పాడు.

"ఆ సెయ్యెత్తినప్పుడల్లా మూలుగుతాదమ్మా అది. నాను పక్కనే ఉన్నాను. ఉండి కూడా అందించకపోతే నాను మనిషినేటి?"

నా కోపం అక్కడితో సగం చల్లారింది. ఎన్ని ఇళ్లలో చూశానో ఈ మాట, ఇంత తిన్నగా ఎవరూ అనలేదు. మన దగ్గర భుజాలు బిగుసుకునేది నిర్లక్ష్యం వల్ల తక్కువ, ప్రేమ వల్ల ఎక్కువ. ప్రేమను తిట్టి లాభం లేదు, దానికి వేరే పని చెప్పాలి.

"నువ్వు ఆ కడ్డీ అందించిన ప్రతిసారీ ఆ పీటను మీ తమ్ముడి వైపు జరుపుతున్నావు అప్పారావూ" అన్నాను.

అతను పీట వైపు చూశాడు. తర్వాత తన చాపా, మొగలాకుల కట్టా, మెరుగు పెట్టాల్సిన బొమ్మల బుట్టా తీసుకుని బయటి అరుగు మీదికి వెళ్లిపోయాడు.

"మరి అది మూలిగితే ఇనపడతాది కదమ్మా" అన్నాడు అక్కణ్నుంచి.

"ఫోన్లో పాటలు పెట్టుకో."

పెట్టుకున్నాడు. వీధి వీధంతా వినబడేంత గట్టిగా. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా ఆ ఇంటి ఆనవాలు ఆ పాటలే. పాట ఎంత పెద్దగా ఉంటే లోపల ఆమె అంత కష్టపడుతోందని నాకు తెలిసేది. మేకులు మళ్లీ కదిలాయి. కళ్ల నుంచి నుదురు, నుదురు నుంచి నడినెత్తి. పెద్ద డాక్టరు గారు ఒకరోజు తానే చేయి ఎత్తించి చూశారు. విశాఖపట్నానికి రాసి ఉంచిన చీటీ తీసి చింపేసి, నా వైపు చూడకుండా తర్వాతి పేషెంటును పిలవమన్నారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర నాకు దొరకలేదు, అవసరం కూడా పడలేదు.

ఎరుపు

నేను ఉద్యోగం మానేసే ముందు, ఆసుపత్రిలో అందరికీ తలా ఒక బొమ్మ ఇద్దామని ఏటికొప్పాక వెళ్లాను. నూకరత్నం నా దగ్గరికి రావడం మానేసి అప్పటికి చాలాకాలమైంది. వీధి మొదట్లోకే పాటలు వినిపించాయి. ఏమైందోనని కంగారుగా లోపలికి వెళ్లాను.

కొంప మునిగింది ఏమీ లేదు. అరుగు మీద అప్పారావుకీ లోపల నూకరత్నానికీ ఏదో తగువు నడుస్తోంది. మరిదికి ఇంకో లేతు పెట్టించాలని ఈవిడ, ఇంట్లో చోటెక్కడుందని ఆయన. పాట మీదుగా వినబడాలి కాబట్టి ఇద్దరూ గొంతు చించుకుంటున్నారు. నన్ను చూసి కూర్చోమని చేత్తో సైగ చేసింది గానీ తగువు ఆపలేదు.

"గోడ కొడితే సోటొస్తాది. నీకు కొట్టడానికి బద్ధకం, అలాగని సెప్పు" అంటూ మోటారు ఆపింది. లేచింది. మాట్లాడుతూనే, గుమ్మం వైపు చూస్తూనే, కుడి చెయ్యి పైకెత్తి పై మేకు సంచీలోంచి కడ్డీ తీసుకుని కూర్చుంది. మోచెయ్యి వెళ్లి డొక్కకు అతుక్కుంది.

నేను నవ్వాను.

"ఏటమ్మా నవ్వుతన్నారు?"

"ఏమీ లేదు. మీ తగువుకి."

"మీరు నాకు బాకీ ఉన్నారు తెలుసా. నయమైనట్టు నాకు తెలీదు, మీకే తెలుస్తాదన్నారు. ఈరోజు దాకా సెప్పనేదు."

"నీ చేతిలో ఏం రంగుంది?" అన్నాను.

"ఎరుపు."

"ఎక్కడి నుంచి తీశావు?"

చేతిలో కడ్డీ చూసుకుంది. తలెత్తి పై మేకు చూసింది. ఆ మేకు కింద సంచీ ఇంకా మెల్లగా ఊగుతోంది. బయట అప్పారావు పాట ఆపేశాడు.